దాతకు తక్‌పట్టి ఏది?



స్మారకోపన్యాసం అంటే ఏదైనా పెద్ద విషయం ఎత్తుకోవాలని ఆనవాయితీ. నేను పాత బట్టల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాసేపు ఆలోచించి గాని ఒప్పుకోలేదు. ఎవరి పేరిట ఈ సభ జరుగుతున్నదో ఆ సారుకు మాత్రం ఇది చిన్న విషయం అనిపించేది కాదు. హాస్టల్ పిల్లల కోసం ఆయన ఊరూరా తిరిగి పాత పాఠ్యపుస్తకాలు అడిగి తెచ్చేవారు. పుస్తకం లోపలి అట్ట మీద ఇచ్చినవాళ్ల పేరు, దాని కింద తీసుకున్న పిల్లవాడి పేరు, ఏడాది తిరిగి పుస్తకం వెనక్కి వచ్చాక ఇంకో పిల్ల పేరు రాసేవారు. అలాంటి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం ఒకటి నేను చూశాను. అట్ట నిండిపోతే తెల్లకాగితం అంటించి మరీ పేర్లు రాసుకుంటూ పోయారు. ఎవరినో పట్టుకోవడానికి రాసింది కాదది. ఇచ్చినామె ఎప్పుడైనా ఎదురుపడి "సారూ, మా పుస్తకం ఏమైంది?" అంటే చెప్పడానికి రాసుకున్నది.

2025 ఆగస్టు 27, 28 తేదీలను ఈ కామారెడ్డి జిల్లాలో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఇక్కడి జీఆర్ కాలనీ మునిగింది. 1922 నాటి పోచారం ప్రాజెక్టు కట్ట నిలుస్తుందో లేదో అని ఇటు కామారెడ్డి, అటు మెదక్ గుండెలు అరచేతిలో పెట్టుకున్నాయి. ఆ కట్ట నిలిచింది. ఆ కాలపు మేస్త్రీలకు దండం పెట్టాలి, అది వేరే ఉపన్యాసం.

వాన తెరిపిచ్చాక డీసీఎం వ్యాన్లలో, ఆటోల్లో, కార్ల డిక్కీల్లో బాధితుల కోసం సామాను రావడం మొదలైంది. బియ్యం, నూనె ప్యాకెట్లు, దుప్పట్లు వచ్చినవి వచ్చినట్టే ఖర్చయిపోతాయి. చిక్కంతా బట్టల దగ్గరే. గోనెసంచి విప్పి బల్ల మీద బోర్లిస్తే ఏం పడుతుందో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. పెళ్లిలో ఒక్కసారి తొడిగిన షేర్వానీ. జాకెట్లు లేని చీరలు. ఒంటి చెప్పు. ఎలాస్టిక్ సాగిపోయిన పిల్లల నిక్కర్లు. ఏదో ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్ పేరు వీపు మీద అచ్చేసిన టీషర్టులు. గుండీలన్నీ కత్తిరించి దాచుకుని ఇచ్చిన చొక్కాలు. ఆ ఇల్లాలు పొదుపరే, కాదనను, మరి ఆ చొక్కాను వేసుకునేవాడు ఎట్లా వేసుకోవాలి? వీటన్నిటి మధ్యలో ఎవరో ఇస్త్రీ చేసి, పాత పేపర్లో చుట్టి, మడత చెదరకుండా దారం కట్టి పంపిన రెండు కాటన్ చీరలు.

బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఒక్కో బట్టను దులిపి చూసి ఏదో ఒక కుప్పలో వేస్తారు. ఇది పంచడానికి. ఇది పారేయడానికి. ఇంకొన్నిటిని చూసి కాస్త ఆగి, "దీన్ని పక్కన పెట్టు" అంటారు. ఆ పక్కన పెట్టిన కుప్ప గురించే నా ఉపన్యాసమంతా.

షేర్వానీని వరదలో ఇల్లు పోయినవాడికి ఇవ్వలేం. పారేయడానికి చేతులు రావు. అమ్మితే ఎంతో కొంత వస్తుంది, దాంతో నాలుగు కొత్త లుంగీలు కొనొచ్చు. బుద్ధి ఉన్నవాడు ఎవడైనా అమ్మే చూస్తాడు. కానీ అమ్మామని బయటికి చెప్పడానికి భయం. "మేం బాధితుల కోసం ఇస్తే మీరు అమ్ముకున్నారా?" అన్న ఒక్క మాట చాలు, ఊళ్లో తలెత్తుకు తిరగలేం. అందుకని చాటుగా అమ్ముతారు. చాటుగా అమ్మినదానికి చీటీ ఉండదు. చీటీ లేని డబ్బు లుంగీలకే పోయిందని ఎవరికి తెలుసు? మొదటిసారి పోయింది, నిజమే. రెండోసారి డీసీఎం డీజిలుకు పోయింది, అదీ న్యాయమే. మూడోసారి ఎవరి జేబులోకి పోయిందో మిగతా ముగ్గురూ అడగలేరు, ఎందుకంటే మొదటి రెండుసార్లూ వాళ్లు కూడా నోరు మూసుకున్నారు. దానపు సొమ్ము దగ్గర దొంగతనం సాధారణంగా దొంగబుద్ధితో మొదలవదు, మొహమాటంతో మొదలవుతుంది. సేవాసంస్థల్లో కుర్చీలు పంచుకున్న పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నా మాట తప్పయితే చివర్లో నిలదీయండి.

అసలు అమ్మడమే పాపమన్న భావన మనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు. తిరుమల వెళ్లి తలనీలాలు ఇస్తాం. వాటిని దేవస్థానం వేలం వేస్తుందని, విదేశాల్లో విగ్గులవుతాయని తెలియనివాళ్లు లేరు. తెలిసే గుండు చేయించుకుంటాం, తెలిసే గోవిందా అంటాం. బెజవాడ కనకదుర్గమ్మకు పెట్టిన చీరలను గుడిలోనే కౌంటరు పెట్టి అమ్ముతారు, కొనుక్కున్నవాళ్లు ప్రసాదంగా కట్టుకుంటారు. ఇచ్చినామెకు మోసపోయానన్న భావం లేదు. అమ్మకం కళ్లెదురుగా జరుగుతున్నది కాబట్టి.

ఇప్పుడు మనకు దగ్గరున్న వేములవాడకు వద్దాం. కామారెడ్డి నుంచి సిరిసిల్ల మీదుగా రాజన్న దగ్గరికి పోయి కోడె మొక్కు చెల్లించని ఇల్లు ఈ చుట్టుపక్కల అరుదు. చాలామంది టికెట్ తీసుకుని, గుడి కోడెనే పట్టుకుని, చుట్టూ తిప్పి కట్టేసి వస్తారు. కొందరు మాత్రం ఇంట్లో పుట్టి పెరిగిన కోడెనే తోలుకొచ్చి స్వామికి అప్పజెపుతారు. అవి గుడివాళ్ల తిప్పాపూర్ గోశాలకు చేరతాయి. గోశాలకు ఒక కొలత ఉంది, మొక్కులకు లేదు. కాబట్టి పెంచుకుంటామని ముందుకొచ్చినవాళ్లకు కోడెలను ఇచ్చేస్తూ వచ్చారు. 2024 డిసెంబరులో, అలా వరంగల్ జిల్లాకు చేరిన కోడెలను అమ్మేశారన్న ఫిర్యాదు మీద పోలీసు కేసయింది. రాష్ట్రమంతా అట్టుడికింది. మరుసటి ఏడాది వర్షాకాలం ముంగిట అదే గోశాలలో ఇరుకుకు, జబ్బుకు కోడెలు వరసగా చనిపోయాయి. ఆ తర్వాత పట్టాదారు పాసుపుస్తకం చూసి రైతులకు ఇచ్చే పద్ధతి పెట్టారు.

కేసులో దోషులెవరో కోర్టు తేలుస్తుంది. నన్ను పట్టుకున్నది అంతకుముందు అడుగు. కోడెను తోలుకొచ్చిన రైతు మనసులో ఒక బొమ్మ ఉంది: తన కోడె రాజన్న నీడన గడ్డి మేస్తూ ఉంటుంది. అక్కడ చోటు లేదని, కోడెను వేరేవాళ్లకు ఇస్తామని, ఎవరికి ఇచ్చేదీ ఫలానా కాగితం మీద రాస్తామని మొక్కు చెల్లించేచోట ఒక బోర్డు రాసిపెట్టి ఉంటే, ఆయన రెండు నిమిషాలు నిలబడి ఆలోచించేవాడు. బహుశా టికెట్ కొనుక్కుని, కోడెను తిరిగి ఇంటికి తోలుకుపోయేవాడు. ఆ బోర్డు లేకపోవడం నేరమేమీ కాదు, ఏ సెక్షన్ కిందికీ రాదు. కానీ తర్వాత జరిగినదానికంతటికీ తలుపు తీసింది అదే.

మన తెలంగాణలో దానం తీసుకున్న సొత్తు దారి తప్పిన కథల్లో అన్నిటికన్నా పెద్దది భూదానం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబాకు 100 ఎకరాలు ఇస్తామన్నారు. ఆ రోజు ప్రపంచానికి తెలుసు. తర్వాతి దశాబ్దాల్లో ఇతరులిచ్చిన లక్షల ఎకరాల్లో ఎంత సాగులో ఉంది, ఎంత రాళ్లగుట్ట, ఎంత అన్యాక్రాంతమైంది అన్న వ్యాజ్యాలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. గుండీల్లేని చొక్కాకు, రాళ్లగుట్ట దానానికి నాకు పెద్ద తేడా కనిపించదు. ఇచ్చినవాడి పేరు నిలిచింది, ఇచ్చిన సొత్తు ఎటు పోయిందో రాసేవాడు దొరకలేదు.

ఇక రాసిచ్చే పద్ధతి చూడాలంటే గంజ్‌కు రండి. కామారెడ్డి గంజ్ అంటే బెల్లం, మక్కలు, వడ్లు. రైతు తన రాశి పోస్తాడు. కొనేవాళ్లు చేత్తో తీసి చూసి పాట పాడతారు. కాంటా పెడతారు. చివరికి అడ్తిదారు రైతు చేతిలో తక్‌పట్టి పెడతాడు: బరువెంత, ధరెంత, కమీషన్, హమాలీ ఖర్చు ఎంత కోశారు, చేతికి ఎంత వస్తుంది. అడ్తిదారు మీద రైతుకు నమ్మకం ఉండొచ్చు, లేకపోవచ్చు. కాగితం మాత్రం ఉంటుంది. కోత ఎక్కువైతే ఆ కాగితం పట్టుకుని మార్కెట్ యార్డు కార్యదర్శి బల్ల ముందుకు పోతాడు. బస్తా మక్కలు అమ్మితే కాగితం ఉంది, బస్తా బట్టలు దానమిస్తే లేదు. దాతకు తక్‌పట్టి ఎందుకుండకూడదు?

ఉండొచ్చని రుజువు చేసినవాళ్లున్నారు. పాత వస్తువులు దానం పట్టి, అమ్మి, ఆ డబ్బుతో సేవ చేసే దుకాణాలు పడమటి దేశాల్లో ఏనాటినుంచో ఉన్నాయి. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాదిరి ధనికుల పేటల్లో పాత సామాను పోగుచేసి, పేదవాళ్లకు కూలి ఇచ్చి బాగుచేయించి, అమ్మించాడు. అదే గుడ్‌విల్ సంస్థ అయింది. నాజీల ఆక్రమణలో ఆకలితో చస్తున్న గ్రీసు ప్రజల కోసం 1942లో ఇంగ్లండులో పుట్టిన ఆక్స్‌ఫామ్, 1940ల చివర ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచింది. మన జిల్లా నుంచి లండన్, లెస్టర్ చదువులకు పోయిన పిల్లల్లో చాలామంది మొదటి చలికోటు కొనుక్కునేది ఇలాంటి ఛారిటీ షాపులోనే.

ఆ షాపుల్లో ఒక ఏర్పాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. గిఫ్ట్ ఎయిడ్ అంటారు. ఆదాయపు పన్ను కట్టే దాత తన సంచి ఇచ్చేటప్పుడు పేరు నమోదు చేయించుకుంటే, ఆయన సంచికి ఒక స్టిక్కర్ అంటిస్తారు. అక్కడి నుంచి ఆ బట్టలు చట్టప్రకారం ఇంకా ఆయనవే. షాపు కేవలం ఆయన తరఫున అమ్మిపెట్టే ఏజెంటు, మన అడ్తిదారు లాగే. ప్రతి వస్తువు అమ్ముడైనప్పుడు స్టిక్కర్ మీది నంబరు కింద డబ్బు జమ అవుతుంది. తర్వాత దాతకు ఉత్తరం వస్తుంది: మీ వస్తువులకు ఇంత వచ్చింది, ఈ డబ్బు మీకే కావాలంటే 21 రోజుల్లో చెప్పండి, లేకపోతే మాకు విరాళం ఇచ్చినట్టు భావిస్తాం. దాదాపు ఎవరూ వద్దనరు. అప్పుడు ఆ డబ్బు మీద ప్రభుత్వం ప్రతి పౌనుకు 25 పెన్నీలు కలిపి సంస్థకు ఇస్తుంది. ఈ తతంగమంతా పన్ను కోసమే పెట్టుకున్నారు, నీతి కోసం కాదు. అయినా దాని పుణ్యాన ఒక ముసలమ్మకు తన పాత కోటు ఎంత ధర పలికిందో తెలిసింది. దాత డబ్బు తిరిగి అడగొచ్చు అన్న ఒక్క నిబంధనతో, చాటు అమ్మకానికి చోటు లేకుండా పోయింది.

మన దగ్గర పన్ను చట్టం ఇందుకు తలకిందులు. ఆదాయపు పన్నులో దానానికి ఇచ్చే మినహాయింపు డబ్బు విరాళానికే. నగదైతే అదీ 2,000 రూపాయల వరకే, ఆ పైన చెక్కో ఆన్‌లైనో ఉండాలి. వస్తువుకు మినహాయింపే లేదు. దాంతో ఇచ్చేవాడు రసీదు అడగడు, తీసుకునేవాడు రాయడు. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ గుడ్‌విల్ వాకిట్లో సంచులు దించి రసీదు తెచ్చుకోవడం వాళ్లకు అలవాటే. అయితే వస్తువు విలువ ఎంతో దాతే వేసుకోవాలి, సంస్థ వేయదు. బట్టలు మంచి స్థితిలో ఉంటేనే మినహాయింపు అని, మొత్తం 500 డాలర్లు దాటితే ప్రత్యేక ఫారం నింపాలని అక్కడి పన్ను శాఖ ఎందుకు నియమం పెట్టిందో ఊహించండి. చిరిగిన జీన్సుకు సూటు ధర వేసుకున్న దాతలు ఉన్నారన్నమాట! నిజాయితీ బల్లకు అవతలున్నవాడికి మాత్రమే కావలసిన సరుకు కాదు. గుండీలు కత్తిరించుకుని చొక్కా ఇచ్చి, ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్న మన దాతలు కూడా ఆ లెక్కలోకే వస్తారు.

బల్ల దగ్గర ఇంకో సంగతి ఉంది, మాట్లాడుకోవడానికి అందరూ ఇబ్బంది పడేది. పొద్దంతా నిలబడి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, దుమ్ములో పాత బట్టలు ఏరే అక్కకు ఒక మంచి చీర కనపడుతుంది. ఆమె కూలి తీసుకోవడం లేదు. ఆ చీర ఆమె తీసుకుంటే తప్పా? నన్నడిగితే తప్పు కాదు, తీసుకునే తీరే తప్పు కావచ్చు. అందరికన్నా ముందు చూసే చూపు ఉంది కదా, అదే ఒక ఆస్తి. సరుకు మీద ధర వేసే చెయ్యి, కొనే చెయ్యి ఒకటే అయితే నూటయాభై రూపాయల చీర పదిహేనుకు దిగుతుంది, ఎవరూ దొంగ కాకుండానే. పద్ధతిగా నడిచే షాపుల్లో పనిచేసేవాళ్లు కొనుక్కోవచ్చు, కాని ధర ఇంకొకరు వేయాలి, బిల్లు ఇంకొకరు కొట్టాలి. కొన్నిచోట్ల వస్తువు షాపులో అందరికీ కనపడేలా కొంతకాలం వేలాడాకే కొనాలి. ఇలా రాసిపెట్టడం ఆ అక్కను అనుమానించడం కాదు. రేపు ఆమె ఆ చీర కట్టుకుని బస్టాండులో నిలబడితే "ఎక్కడిదే?" అని అడిగేవాళ్లకు ఆమె బిల్లు చూపించగలగాలి.

పుచ్చుకునేవాళ్ల మాట ఇప్పటిదాకా రాలేదు, చూశారా? దానం గురించి మాట్లాడే సభల్లో వాళ్లెప్పుడూ చివర్లోనే వస్తారు, నా ఉపన్యాసం కూడా అందుకు మినహాయింపు కాలేదు. 2017లో ప్రభుత్వం మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు చీరలను నడిరోడ్డు మీద తగలబెట్టారు. ఉచితంగా ఇస్తే అంత పొగరా అన్నవాళ్లున్నారు. రేషన్ దొడ్డు బియ్యం తీసుకున్నవాళ్లు తినలేక అమ్ముకుంటే, ఏళ్లపాటు వాళ్లను దొంగలన్నాం. 2025 ఉగాదికి సన్నబియ్యం మొదలుపెట్టినప్పుడు, తినే బియ్యం ఇస్తే అమ్ముకోరన్నది ప్రభుత్వమే చెప్పిన కారణాల్లో ఒకటి. ఇష్టాయిష్టాలు ఉండటం డబ్బున్నవాళ్ల హక్కని ఎవరు రాసిచ్చారు? గోనెసంచిలోంచి తీసి చేతిలో పెట్టిన చీరను వద్దనడం కష్టం. అదే చీర ముప్పై రూపాయల చీటీతో దండెం మీద వేలాడుతుంటే, రంగు నచ్చలేదని పక్కకు తోసి ఇంకోటి తీసుకోవచ్చు, "ఇరవైకి ఇయ్యి" అని బేరమాడొచ్చు. బేరమాడే మనిషి ఎవరికీ రుణపడి ఉండడు. ఇలాంటి దుకాణం మనకూ కావాలని నేను అనడానికి సగం కారణం అదే.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలు పడ్డాయి. జాలర్లు ముట్టుకోలేదు. అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ వాటిని ఎత్తుకుపోయి, ఏరి, పనికొచ్చే నూలు గుడ్డతో ఆడపిల్లల నెలసరి ప్యాడ్‌ల దాకా చేసింది. ఊళ్లో చెరువో దారో బాగుచేసుకున్నవాళ్లకు, వాళ్ల పనికి బహుమానంగా బట్టలు ఇవ్వడం ఆ సంస్థ పద్ధతి. 2015లో అన్షు గుప్తాకు మెగసెసే అవార్డు వచ్చింది. పానిపట్ మిల్లుల్లో ఇంకో ప్రయాణం నడుస్తుంది. విదేశాల్లో ఎవరో దానమిచ్చిన ఉన్ని స్వెటర్ రెండు మూడు చేతులు మారి అమ్ముడై, అక్కడ చీలికలై, మళ్లీ నూలై, చవక దుప్పటిగా నేయబడుతుంది. విపత్తుల్లో పంచడానికి సహాయ సంస్థలు తరచూ కొంటూ వచ్చింది ఆ దుప్పటినే. దానమిచ్చిన వస్తువు ఇన్నిసార్లు అమ్ముడైనా చివరికి చలికి వణికేవాడి భుజం మీదికే చేరింది. మన ఇంటి ముందుకొచ్చే స్టీలు సామాన్ల ఆమె పాత చీరలకు గిన్నె ఇచ్చినా, హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో చొక్కా కుప్ప పోసి అమ్మినా అదీ ఒక గౌరవమైన వ్యాపారమే. అక్కడ ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పడం లేదు.

కాబట్టి కామారెడ్డిలో ఒకటి, ఎల్లారెడ్డిలో ఒకటి దుకాణం పెడదామని నిర్వాహకులు అన్నప్పుడు నేను సరేనన్నాను, కాని కొన్ని షరతులు పెట్టాను, అవి ఇక్కడే చెబుతాను. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయాలి: ఇక్కడ ఇచ్చినవి ఎక్కువభాగం అమ్ముతాం, పనికిరానివి తుక్కుకు ఇస్తాం, డబ్బు ఫలానా పనికి వాడతాం. చదివి ఇష్టం లేనివాళ్లు సంచి పట్టుకుని వెనక్కి పోవచ్చు, వాళ్లకూ చాయ్ ఇవ్వాలి. సంచి తీసుకోగానే నంబరు చీటీ. అమ్మాక ఆ నంబరుకు ఎంత వచ్చిందో ఫోనుకు మెసేజ్. ఇల్లు కాలినవాళ్లు, వరదలో పోయినవాళ్లు వస్తే బిల్లు సున్నాతో కొట్టాలి, కాని బిల్లు కొట్టాలి. తుక్కుకు పోయిన కిలోలు కూడా బోర్డు మీద రాయాలి. ఆ అంకె చూసి మొదట్లో మనకే సిగ్గేస్తుంది, ఎందుకంటే వచ్చినదాంట్లో పెద్ద వాటా అదే కావచ్చు. అయినా రాయాలి. గుండీల్లేని చొక్కాలు తగ్గేది ఆ అంకెను చూసే. అద్దె, కరెంటు, ఏరేవాళ్ల కూలి అమ్మిన డబ్బులోంచే కోస్తామని దాచకుండా చెప్పాలి. అడ్తిదారు కమీషన్ కోస్తాడని తెలిసే రైతు గంజ్‌కు వస్తున్నాడు కదా.

నెలకోసారి బయటివాళ్లు ఇద్దరు పుస్తకం చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆ నెల దుకాణంలో బట్టలు కొనుక్కున్నవాళ్లే కావాలన్నది నా పట్టుదల. కమిటీ ఆడిటరు గారు ఒప్పుకోలేదు, లెక్కలు రానివాళ్లు ఏం చూస్తారన్నారు. నా జవాబు ఒకటే: దుకాణంలో వేలాడిన చీర ధర వాళ్లకు గుర్తుంటుంది, అది పుస్తకంలో ఎంతకు పడిందో చూస్తే చాలు. ఈ ఒక్క షరతు మీద ఇంకా తేలలేదు. సభ అయ్యాక కింద హాల్లో దుకాణాల కమిటీ కూర్చుంటుంది. ఎల్లారెడ్డి బస్సుకు ఇంకా టైముంది, మీరూ రండి.